అక్కతో లకుముకి పిట్ట కోసం

నాకు నోట్లో నువ్వుగింజ నానదని మా వాళ్ళలో పేరు. పెళ్ళి భోజనాల్లో పులిహోరకు ఉప్పు చాలలేదని పెళ్ళికొడుకు తల్లితోనే అన్న మనిషిని. ఆవిడ ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది కానీ, రెండో బంతికి వడ్డించిన పులిహోరలో ఉప్పు సరిగ్గా ఉంది. ఉద్యోగం కూడా నాకు తగ్గదే దొరికింది. అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఎవరెవరో రాత్రింబవళ్ళు కూర్చుని రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి, మొహమాటం లేకుండా వాళ్ళ మొహానే చెప్పడం నా పని. ఇంట్లో చేస్తే గయ్యాళి అంటారు, ఆఫీసులో చేస్తే జీతమిస్తారు.

మా అక్క నాకన్నా పదేళ్ళు పెద్దది. జార్జియాలో, కమ్మింగ్‌లో ఉంటుంది. పిల్లల చదువులైపోయి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక ఆమెకు పిట్టల ఫొటోలు తీసే పిచ్చి పట్టింది. పిచ్చి అని ముద్దుగానే అంటున్నాను. తెల్లవారకముందే లేచి, చలికోటు వేసుకుని, మోచేయంత లెన్సున్న కెమెరా భుజాన తగిలించుకుని ఇంటి వెనకున్న చెరువు దగ్గరికి వెళ్ళేది. వరంగల్‌లో రీలు కెమెరాల కాలంలో చేయి తిరిగిన మనిషి కాబట్టి ఊరికే టకటకా నొక్కదు. పిట్ట ఎగిరే ముందు ఒళ్ళంతా ఒక్కసారి కిందికి వంచుతుందట, సరిగ్గా అప్పుడు నొక్కాలట. అలా తీసిన ఫొటో ఒకటి మా హాల్లో ఉంది. కొమ్మ మీద ఒక కాలు, గాలిలో ఒక కాలు, సగం విప్పిన రెక్కలు. వచ్చినవాళ్ళంతా ఎక్కడ కొన్నారని అడుగుతారు.

నిరుడు ఆ అక్క కంటి చూపు నడుమ మసక మొదలైంది. కంటి వెనక పొర దెబ్బతింటోందని, పక్కచూపు ఉంటుంది కానీ నడిమి చూపు మెల్లగా తగ్గుతుందని డాక్టర్ చెప్పాడు. కంట్లోకే ఇంజెక్షన్లు ఇస్తున్నారు, అవి ఉన్న చూపును నిలబెట్టడానికే తప్ప పోయినదాన్ని తెచ్చేవి కావు. ఇప్పుడు అక్క నా ముఖం చూడాలంటే నా చెవి వైపు చూడాలి. మొదటిసారి అలా చూసినప్పుడు నా కమ్మలు చూస్తోందనుకుని, "మంచిగున్నయా? కొత్తయి" అన్నాను. "నీ ముక్కు చూస్తున్ననే" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. తర్వాత నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి నల్లా తిప్పి ఏడ్చాను.

ఈ అక్టోబర్‌లో బతుకమ్మ పండుగ అయిన వారానికి అక్క ఫోన్ చేసింది. మేరీల్యాండ్ తూర్పు తీరంలో, సముద్రపు పాయలూ రెల్లు మడుగులూ ఉన్నచోట, పిట్టలను చూపించి ఫొటోలు తీయించే ట్రిప్ ఒకటి ఉందట. నాలుగు రోజులు. తనకీ నాకూ బుక్ చేసేసిందట.

"బావను తోల్కపోరాదక్కా? నాకు పిచ్చుక తెలుసు, కాకి తెలుసు. ఆ పైన ఏది జూసిన పిట్టనే."

"మీ బావ వద్దు. నువ్వే రావాలె" అంది. ఎందుకంటే చెప్పలేదు.

ఆ నెలాఖరున మా ఆష్‌బర్న్ పక్కనున్న డల్లస్ ఎయిర్‌పోర్టులో ఆమెను ఎక్కించుకుని బయల్దేరాను. పెద్ద వంతెన మీద, రెండు పక్కలా నీళ్ళు తళతళలాడుతుంటే, అప్పుడడిగాను. "ఇప్పుడన్న చెప్పు. ఎందుకు నేనే?"

అక్క కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "మీ బావకు ఫొటో చూపిస్తే సూపర్ అంటడు. పిల్లలు వావ్ మమ్మీ అంటరు. వాట్సాప్‌ల పెడితే అందరు చప్పట్లు గొడ్తరు. మొన్న లెన్స్‌కు క్యాప్ తియ్యకుండ ఒకటి గొట్టిన. కావాల్ననే. ఉత్త నల్లగొచ్చి ఉంటది గద? మీ బావకు చూపిచ్చిన. ‘అబ్బ, రాత్రి ఆకాశం మస్తొచ్చింది’ అన్నడు."

నేను ఎంత నవ్వానంటే కారు పక్క లేన్‌లోకి జరిగింది. వెనకవాడు హారన్ కొట్టాడు. అక్క మాత్రం నవ్వలేదు.

"నవ్వకే. వాళ్ళు ప్రేమతోనే అంటున్నరు, నేను కాదంటలేను. కాని నేనేం తీస్తున్ననో నాకు కనిపిస్తలేదు. వచ్చిందో రాలేదో చెప్పేటోళ్ళు ఒక్కరు లేరు. ఇట్లయితే నేను ఫొటోలెందుకు తియ్యాలె? ఆ క్యాప్ పెట్టుకునే తీస్త. ఈ నాలుగు రోజుల్ల ఒక్క ఫొటో మనసు పెట్టి తీస్త. వచ్చిందా లేదా నువ్వు చెప్పాలె. నువ్వు గూడ వాళ్ళ లెక్కనే చెప్తే, ఇగ నేను కెమెరా ముట్ట. ఎవరికన్న ఇచ్చేస్త."

"నేను అబద్ధం జెప్పుడు ఎప్పుడన్న జూసినవా?"

"అందుకే గదనే నిన్ను పట్టుకొచ్చింది" అంది. అంత బరువైన మాట చెప్పి, సీటు వెనక్కి వాల్చుకుని హాయిగా నిద్రపోయింది. నాకు మాత్రం గర్వంగానే అనిపించింది. ఇన్నేళ్ళూ నా నోటికి అందరూ భయపడ్డారు, ఒక్కరైనా దాంతో పని ఉందనలేదు.

మేం దిగిన ఇల్లు రెల్లు మడుగు అంచున ఉంది, పాతకాలపు చెక్క ఇల్లు. మాతోపాటు పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ముసలి దంపతులున్నారు, ఇద్దరూ నఖశిఖ పర్యంతం మట్టిరంగు బట్టల్లో. పిట్టలు చూపించే గైడ్ ఒక రిటైరైన స్కూల్ టీచరమ్మ, తెల్లజుట్టు, పిల్లిలా నడుస్తుంది, గుసగుసగా మాట్లాడుతుంది. నేను దిగిందేమో మామిడిపండు రంగు జాకెట్‌లో. ఆమె నన్ను చూసి, "ఎంత హుషారైన రంగు!" అని మురిసిపోయి, ఆ వెంటనే ఒక మట్టిరంగు రెయిన్‌కోట్ తెచ్చి చేతిలో పెట్టింది. అమెరికా వాళ్ళు తిట్టినా పొగిడినట్టే ఉంటుంది, అర్థమయ్యేసరికి మనం కోటు వేసుకునే ఉంటాం.

మరునాడు, ట్రిప్ మొదటి రోజున, పొద్దున్నే మమ్మల్ని నీటి ఒడ్డున ఉన్న ఒక చెక్క గదిలోకి తీసుకెళ్ళింది. చేలో ఉండే మంచెను కిందికి దించి నాలుగు గోడలు కట్టినట్టు ఉంది. లోపల బెంచీలు, కూర్చుంటే కళ్ళ ఎత్తుకు ముందు గోడలో పొడుగాటి సందు. ఆ సందులోంచి చూస్తూ కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. నేనేమో నిద్రలో కూడా మాట్లాడే మనిషిని.

కాసేపటికి నీటి మీద బాతులు దిగాయి. ఎన్నో! నేను ఆగలేక, "అదిగో అక్కా!" అని చెయ్యి చాపాను. నా చేతులకు బతుకమ్మకు వేసుకున్న గాజులు, డజను ఆకుపచ్చవి, అటు ఆరు ఇటు ఆరు. గలగలమన్నాయి. బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. ముసలాయన కెమెరా కిందికి దించి నన్ను చూశాడు. సిగ్గేసి, ఏం చేయాలో తోచక, సంచిలోంచి మురుకుల డబ్బా తీసి ఆయనకొకటి ఇచ్చాను. ఆయన మర్యాదకు కొరికాడు. ఆ గదిలో మురుకు కరకర నాకు టపాకాయలా వినిపించింది. మిగిలిన ఒక్క బాతు కూడా వెళ్ళిపోయింది.

గైడమ్మ నా పక్కకు వంగి చిరునవ్వుతో, "మీ గాజులు ఎంత అందంగా ఉన్నాయో. అవి రూమ్‌లో ఉంటే ఇంకా సంతోషంగా ఉంటాయేమో" అంది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "గాజులు తియ్యమంటదేందక్కా ఈమె? పండుగకేసుకున్న గాజులు! ఉత్త చేతులతోటి కూసోవాల్నా నేను?"

అక్క తన సంచిలో చెయ్యి పెట్టి తడుముకుని ఒక జత ఉన్ని సాక్సులు తీసింది. నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, గాజులన్నీ పైకి దగ్గరగా జరిపి, వేళ్ళ మీదుగా మోచేతి దాకా సాక్సు తొడిగింది. రెండో చేతికి కూడా. చిన్నప్పుడు స్కూలుకు వెళ్ళేముందు జడలు వేసినంత గట్టిగా లాగింది. "ఇగ ఊపుకో, ఎంత ఊపుకుంటవో" అంది. గైడమ్మ "హౌ క్లెవర్!" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఆ నాలుగు రోజులూ నేను చేతులకు సాక్సులతోనే గడిపాను.

గాజుల గొడవ తీరింది కానీ అసలు కష్టం అప్పుడే మొదలైంది. నీళ్ళలో పాతిన ఒక పాత కర్ర మొద్దు పక్కన ఎండిపోయిన పైన్ చెట్టు వాలి ఉంది. దాని కొమ్మ మీదికి ఒక పిట్ట వచ్చి వాలింది. గైడమ్మ గుసగుసలాడింది, కింగ్‌ఫిషర్ అట. అంటే మన లకుముకి పిట్టే. కాకపోతే ఇది మనదానికన్నా బాగా పెద్దది, బూడిద కలిసిన నీలం రంగు, తలకు నూనె పెట్టని పిల్ల జుట్టులా రేగిన తురాయి. అక్క మోకాలు ఊగడం మొదలైంది. ఆమెకు కావలసింది అదే, నాకు తెలుసు. వాలిన చోటి నుంచి నీళ్ళలోకి దూకే క్షణం.

అందరికీ అర్థమయ్యేట్టు గైడమ్మ చెప్పింది, ఎండు చెట్టును గడియారం అనుకోండి, రెండు గంటల ముల్లు ఉండే చోట ఉంది అని. అక్క నాతో, "నాకు గడియారమే కనబడ్తలేదు, రెండెక్కడ ఎతకాలె?" అంది.

నేను చెవిలో చెప్పడం మొదలుపెట్టాను. "అగో, అక్కడ. ఆ ఎండు చెట్టు మీద. అటు గాదు, ఇటు. అరె, ఇటంటే గటు బోతవేంది? కొంచెం మీదికి. అయ్యో, గంత మీదికి గాదు!"

"అక్కడంటే ఎక్కడనే?"

"అక్కడనే అక్కా! కనబడ్తలేదా?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. కనబడటం లేదు కాబట్టే కదా నేను వచ్చింది. పిట్ట దూకింది, చేపను పట్టుకుంది, వెళ్ళిపోయింది. అక్క లెన్సు అప్పటికి ఆకాశం వైపు ఉంది.

ఆ రోజంతా అదే తంతు. సాయంత్రం రూమ్‌లో పెరుగన్నం కలుపుకుంటూ అక్క నెమ్మదిగా, "రేపు నువ్వు రూమ్‌లనే ఉండరాదు? నేను ఆ టీచరమ్మతోటి కూసుంట" అంది. "తోల్కొచ్చింది నువ్వే గద! ఇప్పుడు వద్దంటున్నవా? నాకు చెప్పొస్తలేదు, అంతే గద, నేర్చుకుంట" అని అరిచి, మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాను. అరవడం నాకు చేతనైన పని. అక్కకు పనికొచ్చే పని ఒక్కటీ చేతకాలేదు. ఇలాగే జరిగితే ఈ నాలుగు రోజులు అయ్యాక ఆమె కెమెరాను ఎవరికో ఇచ్చేస్తుంది, దానికి కారణం నేనే అవుతాను. ఆ భయం నన్ను పట్టుకుంది.

రెండోరోజు పొద్దున అంతా మంచు కమ్ముకుంది. అది విడేదాకా బయల్దేరడానికి లేదని అందరం వరండాలో కాఫీలు పట్టుకుని కూర్చున్నాం. అక్క కెమెరాను స్టాండుకు బిగించి పెట్టుకుంది. వెనకున్న స్క్రీన్ వెలుగుతోంది. నిన్నటి కోపం ఇద్దరికీ ఇంకా పూర్తిగా పోలేదు. ఊరికే ఏదో ఒకటి మాట్లాడాలని, "ఈ గీతలేందక్కా టీవీ మీద?" అన్నాను. స్క్రీన్ మీద నిలువు గీతలు ఐదు, అడ్డగీతలు మూడు ఉన్నాయి.

"గ్రిడ్ అంటరు. ఫొటో వంకర రాకుండ ఉంటానికి."

"గీత గీత కలిసే కాడ చుక్క పెడితే ఐదు చుక్కలు, మూడు వరసలు. నాకు ముగ్గు లెక్క కనబడ్తున్నది."

అక్క కాఫీ కప్పు కింద పెట్టింది. "మల్ల చెప్పు?"

మాకు ముగ్గులు వేయడం నేర్పింది మా అమ్మ కాదు, అక్కే. మా వాకిట్లో చుక్కలు పెట్టేది నేను, కలిపేది ఆమె. నా చుక్క ఏది పక్కకు జరిగినా పొరకతో అంతా ఊడ్చేసి మళ్ళీ మొదటి నుంచి పెట్టించేది. ఎంత ఏడ్చినా వినేది కాదు. ఏ వరసలో ఎన్నో చుక్క నుంచి మెలిక తిప్పాలో ఆమె చీకట్లో కూడా వేళ్ళతో చెప్పగలదు. అక్క స్టాండు మీద చెయ్యి వేసి, "నడిమి వరస, నడిమి చుక్క. నేను అక్కడున్ననుకో. ఇప్పుడు పిట్ట ఏ చుక్క మీదున్నదో చెప్పు. ఇటు అటు అన్నవంటే తంత" అంది.

మంచులో దగ్గరగా కనిపించేది ఒక్కటే, వరండా ముందు మడుగులో నిలబడ్డ బూడిదరంగు కొంగ. స్క్రీన్ చూసి చెప్పాను. "కింది వరస. ఎడమదిక్కు రెండో చుక్క." అక్క చేతులు లెన్సును కొద్దిగా కిందికి, కొద్దిగా ఎడమకు తిప్పాయి. కొంగ తనంతట తానే నడిచి వచ్చినట్టు స్క్రీన్ నడుమకు వచ్చింది. నేను కేక వేయబోయి సాక్సు నోట్లో కుక్కుకున్నాను.

"వచ్చిందా?"

"నడుమకొచ్చింది. చుక్క మీద చుక్క!"

ఇక ఆ రోజంతా, ఆ తర్వాతి రోజంతా అదే సాధన. గాలి వీచి లకుముకి రాలేదు, మేం మాత్రం ఆగలేదు. కొంగ మీద, బాతుల మీద, దూరాన చెట్టు కొనన కూర్చున్న తెల్లతల గద్ద మీద. "పై వరస, నాలుగో చుక్కకు కొంచెం కుడికి" అనేదాన్ని, చేతులు తిరిగేవి. నాకు చెప్పడం వచ్చేసింది. ముసలాయన భార్య మేం ఏ భాషలో లెక్కలు వేసుకుంటున్నామని అడిగింది. అక్క ఆమెకు వేలితో బెంచీ మీద చుక్కలు పెట్టి, గీతలు కలిపి చూపించింది. ఆవిడ "గార్జియస్" అంది, చెక్క మీద ఉత్త వేలు తప్ప ఏమీ కనిపించకపోయినా.

"నొక్కవేందక్కా? గద్ద ఎంత మంచిగొచ్చింది!" అని నేను సతాయించాను.

"గద్దదేముంది, ఊరి పటేల్ లెక్క కూసున్నది, ఎవరు తీసిన వస్తది. నేను లకుముకిదే తీస్త. దూకేటప్పుడు. అది వస్తే నా చెయ్యి ఇంక ఉన్నట్టు."

ఆఖరి రోజు పొద్దున ఎండ కాసింది. గాలి లేదు. చెక్క గదిలో మా చోట మేం కూర్చున్నాం, మధ్యాహ్నానికి అందరం ఇళ్ళకు బయల్దేరాలి. చాలాసేపు ఏమీ రాలేదు. ఉన్నట్టుండి అక్క తల ఎత్తి, "వస్తున్నది" అంది. నాకేం వినిపించలేదు. అప్పుడు దూరంగా పాయ మలుపులోంచి, ఎండిన కాయను ఆపకుండా ఊపినట్టు గరగరమన్న కూత దగ్గరవుతూ వచ్చింది. లకుముకి వచ్చి ఆ ఎండు కొమ్మ మీదే వాలింది.

"పై వరస. కుడిదిక్కు ఆఖరి చుక్క" అన్నాను, ఊపిరితోనే.

చేతులు తిరిగాయి.

"ఇప్పుడు నడిమి వరస, నాలుగోది. ఇంకొంచెం కుడికి. నడిమి చుక్క. ఆగు."

పిట్ట స్క్రీన్ నడుమ ఉంది. తురాయి వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అది ఎప్పుడు వంగితే అప్పుడు నేను అక్క మోకాలు నొక్కాలని ముందే అనుకున్నాం, మాటకైతే ఆలస్యమవుతుందని. నా చెయ్యి ఆమె మోకాలి మీద ఉంది. సాక్సు లోపల అరచెయ్యి తడిసిపోతోంది. పిట్ట నీళ్ళలోకి చూస్తోంది. మెడ చాపింది, వెనక్కి తీసుకుంది. ఒళ్ళు వంచింది. నొక్కాను. కెమెరా టకటకటకమంది. నీళ్ళు చెదిరాయి. లకుముకి ముక్కున చేపతో అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయింది.

అక్క ముఖం చూశాను. ఏడాదిగా ఆ ముఖాన్ని అలా చూడలేదు. నుదుటి మీద చెమట, పెదాల మీద ఆగని నవ్వు. చిన్నప్పుడు పెద్ద ముగ్గు పూర్తిచేసి నడుం నిటారు చేసి నిలబడేది చూడండి, ఆ నవ్వు. కెమెరాను స్టాండు మీద నా వైపు తిప్పి, "చూడు" అంది.

చూశాను. మొదటి ఫొటోలో కొమ్మ ఉంది. ఒక మూల పిట్ట తోక ఉంది, సగం. రెండోదాంట్లో కొమ్మ ఒక్కటే. తర్వాతివన్నీ కొమ్మ, వెనక నీళ్ళు, కొమ్మ, వెనక నీళ్ళు. వెనక్కి తిప్పాను, ముందుకు తిప్పాను. ఎక్కడా పిట్ట లేదు.

గైడమ్మ నా భుజం మీదుగా తొంగి చూసి, "ఓ, హౌ లవ్లీ! ఆ నీళ్ళ మీద వెలుగు చూడండి!" అంది. ముసలాయన బొటనవేలు ఎత్తి చూపించాడు. అక్క నా చెవి వైపు చూస్తోంది. "ఏమే, వచ్చిందా?"

వచ్చిందక్కా అనే మాట నా నాలుక చివరకు వచ్చేసింది. పులిహోరలో ఉప్పు లేదన్న నాలుకే. ఎవరికి తెలుస్తుంది? ఒక్క మాటంటే ఆ నవ్వు అలాగే ఉంటుంది, కెమెరా ఆమె దగ్గరే ఉంటుంది, ఇంటికి వెళ్ళాక చూసేవాళ్ళంతా సూపర్ అనే అంటారు. బావను ఎంత వెక్కిరించానో గుర్తొచ్చింది. నల్లటి ఫొటో పట్టుకుని రాత్రి ఆకాశం అన్న ఆ మనిషి కూడా ఈ ముఖాన్నే చూసి ఉంటాడు పాపం. ప్రేమున్న చోట నిజం చెప్పడం ఇంత కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసేంతగా నేను ఎవరి ముఖాన్నీ చూడలేదేమో.

"రాలేదక్కా" అన్నాను.

అక్క తడుముకుని స్క్రీన్ మీద వేలు పెట్టింది.

"కొమ్మొచ్చింది. నీళ్ళొచ్చినయి. పిట్ట రాలేదు. ఒక మూలకు సగం తోకున్నది, అంతే. నేనే లేట్ జేసిన. వంగినంక నొక్కిన, వంగేటప్పుడే నొక్కాల్సింది."

ఆమె తల కిందికి వంచేసింది. భుజాలు కదులుతున్నాయి. చంపేశాను మా అక్కను అనుకున్నాను. సాక్సు చేతులతో ఆమెను పట్టుకుని, "అక్కా, అక్కా" అంటున్నాను. తల ఎత్తింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, కానీ నవ్వుతోంది.

"సగమా?" అంది.

"సగమే."

"షార్ప్‌గున్నదా? జూమ్ చేసి చూడు."

సాక్సు ఊడబెరికి, వేళ్ళతో పెద్దది చేసి చూశాను. "ఉన్నది. ఈకకు ఈక కనబడ్తున్నది. నల్ల ఈకల మీద అడ్డంగ తెల్ల గీతలు. అంచుకు నీటి చుక్క గూడ ఉన్నది."

"నిజంగ?"

"నిజంగనే అక్కా. మస్తున్నది."

నమ్మింది. ఆమె నమ్మడం నేను కళ్ళారా చూశాను. ఏడాదిగా ఎందరో ఎన్నో సూపర్‌లు అన్నారు, ఒక్కటీ ఆమె లోపలికి వెళ్ళలేదు. నా ఒక్క 'మస్తున్నది' వెళ్ళింది. పైటకొంగు లేదు కాబట్టి నా మట్టిరంగు కోటు చెంగు లాక్కుని కళ్ళు తుడుచుకుంది. తర్వాత మళ్ళీ ఆ తోక ఎలా ఉందో మొదటి నుంచి చెప్పించుకుంది. గీతలెన్ని, చుక్క ఎటు వైపు, వెనక నీళ్ళ రంగేమిటి. నాకు తెలిసినంతా చెప్పాను, తెలియనిది తెలియదన్నాను.

గైడమ్మకు మా మాటలు తెలియవు. ఇద్దరు ఆడవాళ్ళు ఏడుస్తూ నవ్వుతుంటే చూసి ఆమె కూడా కళ్ళద్దాలు తుడుచుకుంది. సామాన్లు సర్దుకుంటుంటే, వచ్చే నెల ఈ మడుగుల్లోకి ఉత్తరం నుంచి హంసలు దిగుతాయని, గుంపులు గుంపులుగా వస్తాయని చెప్పింది.

అక్క లెన్సుకు క్యాప్ పెట్టి, కెమెరాను సంచిలో పడుకోబెట్టి, జిప్ లాగింది. నా చెవి వైపు తిరిగింది.

"లీవ్ పెట్టు" అంది. "హంసలు తెల్లగ, ఇంతింత పెద్దగుంటయట. నీక్కూడ కనబడ్తయి."